మాస్టారి సైడర్ దుకాణం

మధ్యాహ్నం పన్నెండు గంటలకు దుకాణం తెరిచాము. ఒంటిగంట దాటినా బోణీ కాలేదు.

ఎదురుగా విశాలమైన పచ్చిక మైదానం. పిల్లలు గోనెసంచుల్లో కాళ్ళు పెట్టుకొని పరుగుపందెం ఆడుతున్నారు. ఒక పక్క ఇళ్ళలో చేసి తెచ్చిన కేకులు, మరొక పక్క పాత పుస్తకాలు అమ్ముతున్నారు. ఇత్తడి బాకాల బృందం ఒకటి ఏదో పాత పాటను తీరుబడిగా వాయిస్తున్నది. మా దుకాణమంటే ఒక బల్ల, పైన గుడారపు గుడ్డ, బల్ల మీద మూడు అట్టపెట్టెలు. ఒక్కొక్క పెట్టెలో 20 లీటర్ల సైడర్. వాటి వెనుక మెడకు టై కట్టుకొని, పరీక్ష హాలులో పర్యవేక్షకుని వలె నిటారుగా నిలబడిన డెబ్బై యేళ్ళ పెద్దమనిషి. ఆయన పక్కన, గ్లాసులు కడగడానికి నేను.

నేను మద్యం ముట్టనివాణ్ణి. పశ్చిమ గోదావరి జిల్లాలో తాటితోపుల మధ్య పుట్టి పెరిగినా కల్లు రుచి ఎరుగను. అటువంటివాడు ఇంగ్లండులోని ఒక పల్లె ఉత్సవంలో మద్యం దుకాణంలో నిలబడవలసి రావడం విధి విలాసమే.

2024 వేసవిని నేను బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గర గడిపాను. వాడితో పనిచేసే ఒకాయన స్వస్థలం హెరిఫర్డ్‌షైర్. ఆయన తండ్రి భూగోళశాస్త్రం బోధించి పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు. మే నెల మొదటివారంలో ఆయన మమ్మల్ని తమ తోట చూడడానికి పిలిచారు. ఆపిల్ చెట్లు పూసే కాలమది. నేను కూడా ముప్పై యేళ్ళు బడిపంతులునే కనుక మాకు వెంటనే స్నేహం కలిసింది. ఆనాటి నుంచి నేను ఆయనను ‘మాస్టారు’ అనే పిలిచాను. ఆ మాటకు అర్థం తెలిసి ఆయన ఎంతో సంతోషించారు.

హెరిఫర్డ్‌షైర్ వేల్స్ సరిహద్దున ఉన్నది. బర్మింగ్‌హామ్ నుంచి రైలులో వెళితే మాల్వర్న్ కొండల కింది సొరంగం దాటి లెడ్‌బరీ చేరుతాము. అక్కడి పాత ఇళ్ళకు తెల్లని గోడలు, వాటి మధ్య నల్లని దూలాలు. ఊరి నడుమ ఓక్ స్తంభాల మీద నిలిపిన పదిహేడవ శతాబ్దపు సంతమందిరం. ఊరు దాటగానే నన్ను ఆకర్షించింది మాత్రం నేల. దున్నిన చేలు ఇటుకపొడి చల్లినట్లు ఎర్రగా ఉన్నాయి. ఎర్ర ఇసుకరాయి అరిగి ఏర్పడిన బంకమన్ను అది. ఇంత దూరం వచ్చి మన తెలంగాణ చెలకల రంగు చూస్తానని అనుకోలేదు.

ఈ నేలలో పండే ఆపిల్ మన బజారులో దొరికే సిమ్లా ఆపిల్ కాదు. చూడడానికి చిన్నది, కొరికితే నోరు ముడుచుకొనిపోతుంది. తినడానికి కాక రసం తీసి పులియబెట్టడానికే ఈ జాతులను శతాబ్దాలుగా పెంచుతున్నారు. వాటి పేర్లు వింటే నవ్వు వస్తుంది: ఫాక్స్‌వెల్ప్ అంటే నక్కపిల్ల, బ్రౌన్ స్నౌట్ అంటే గోధుమరంగు మూతి. పదిహేడవ శతాబ్దంలో స్కూడమోర్ ప్రభువు రెడ్‌స్ట్రీక్ అనే జాతికి ప్రాచుర్యం తెచ్చి, ఇక్కడి సైడర్‌ను శ్రీమంతుల బల్లల మీదికి ఎక్కించాడు. దాని అసలు నివాసం మాత్రం పొలమే. ఒకప్పుడు వ్యవసాయ కూలీలకు జీతంలో కొంత భాగం సైడర్‌గానే కొలిచి ఇచ్చేవారు. 1887లో వచ్చిన చట్టం ఆ పద్ధతిని నిషేధించింది. విచిత్రమేమంటే, హెరిఫర్డ్ పట్టణంలో పెర్సీ బుల్మర్ అనే యువకుడు ఆ తరువాత జగత్ప్రసిద్ధమైన తన సైడర్ వ్యాపారాన్ని ప్రారంభించింది కూడా ఆ సంవత్సరమే.

మాస్టారి తోట మూడెకరాలు. ఆయన తండ్రి నాటిన చెట్లు నూటికి పైగా ఉన్నాయి. మన మామిడికొమ్మల మీద బదనిక పెరిగినట్లే వీటి కొమ్మల మీద మిసిల్‌టో అనే పరాన్నమొక్క పచ్చని బంతుల వలె వేలాడుతున్నది. చాలా ఏళ్ళు ఆ పంటనంతా ఒక పెద్ద కంపెనీ కొనుక్కొనేది. 2022 పంట తరువాత ఆ ఒప్పందం ముగిసింది. కంపెనీ దానిని పొడిగించలేదు. కొనేవాడు లేని కాయ నేలపాలే కదా! చెట్లు పెరికించి భూమిని మొక్కజొన్న రైతుకు కౌలుకిస్తే నిశ్చింతగా ఉండవచ్చునని ఇంట్లో అందరి అభిప్రాయం. మాస్టారు ఒక్క సంవత్సరం గడువు అడిగారు. “నేను సైడర్ తీసి అమ్మి చూస్తాను. అమ్ముడుపోకపోతే మీ ఇష్టం” అన్నారు. ఆయన భార్య అంగీకరించింది. అంగీకరిస్తూనే, చెట్లు పెరికే యంత్రాన్ని 2024 నవంబరుకు మాట్లాడిపెట్టింది. ఆ ఇంటి లెక్కలు ఆమెవి.

2023 శరత్కాలంలో రెండు టన్నుల కాయ ఏరారు. మిగిలినది చెట్ల కిందనే కుళ్ళింది, పక్షులు తిన్నాయి. ఏరిన కాయను కొన్నాళ్ళు మగ్గనిచ్చి, అరువు తెచ్చిన మరలో నలగగొట్టి, ఆ పిప్పిని గుడ్డల్లో పొరలు పొరలుగా మడిచి, ఒకదానిపై ఒకటి పేర్చి మరసీలతో బిగించారు. ఆ దొంతరను వారు ‘చీజ్’ అంటారు, అందులో పాలచుక్క లేకపోయినా! దిగిన రసం సుమారు 1,300 లీటర్లు. దానిలో ఆయన ఏమీ కలపలేదు. కాయ మీదా మర మీదా సహజంగా ఉండే మధుశిలీంధ్రమే పులియబెట్టే పని చూసుకున్నది. మన తాటికల్లు ఉదయం తియ్యగా ఉండి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. ఇక్కడి చలికి అదే పని చలికాలమంతా నెమ్మదిగా సాగుతుంది. వసంతానికి పీపాలో తీపి అన్నది మిగలదు, అంతా సారాంశంగా మారిపోతుంది.

చట్టం చిన్న తయారీదారుని పట్ల కొంత దయ చూపింది. సంవత్సరానికి 7,000 లీటర్లు మించకుండా తయారుచేసేవారికి సైడర్ సుంకం లేదు. కాని ఉత్సవంలో అమ్మాలంటే స్థానిక పాలకమండలికి పది పనిదినాల ముందుగా నోటీసు ఇచ్చి, 21 పౌన్లు రుసుము కట్టాలి. పోసే కొలత కూడా ఇష్టానుసారం కాదు. పైంటు, అరపైంటు, పైంటులో మూడవ వంతు, ఇలా చట్టం చెప్పిన కొలతలే. అరపైంటు అంటే 284 మిల్లీలీటర్లు. మాస్టారు ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో ముత్యాల వంటి అక్షరాలతో రాసుకున్నారు. అందరూ ఇంత శ్రద్ధగా చదివితే బడులకు పరీక్షలే అక్కరలేదు.

ఇక జూన్ నాటి ఆ మొదటి ఉత్సవానికి తిరిగి వస్తాను.

ఒంటిగంటన్నరకు ఒక యువజంట వచ్చింది. “స్ట్రాబెర్రీ రుచిది ఉన్నదా?” అని అడిగారు. లేదన్నాము. ఇంకొకాయన మంచుముక్కలు కావాలన్నాడు. అవీ లేవు. తరువాత వచ్చినవారికి మాస్టారు పాఠం ప్రారంభించారు. తోట వయస్సు, ఎర్రమట్టి, కాయలోని ఆమ్లశాతం, టానిన్ శాతం. వింటున్నవారు మర్యాదగా తల ఊపుతూ, మర్యాదగా వెనక్కి నడుస్తూ, కేకుల దుకాణం వైపు మాయమయ్యారు. “మీరు పాఠం చెబుతున్నారు గాని పోయడం లేదు” అన్నది ఆయన భార్య.

మూడు గంటలకు ఒక నడివయస్కుడు అరపైంటు కొన్నాడు. ఒక గుక్క తాగాడు. కనుబొమలు ముడుచుకున్నాయి. “ప్రత్యేకంగా ఉన్నది” అని చెప్పి గ్లాసుతో నడిచి వెళ్ళాడు. తాగనివానికి ఇతరుల ముఖాలు చూడడం కంటె వేరే పని ఏమున్నది? నా చూపు ఆయన వెంటే వెళ్ళింది. గుడారం మూలకు చేరి, అటూ ఇటూ చూసి, గ్లాసులోనిది గడ్డి మీద పారబోశాడు. నేను చప్పున తల తిప్పుకున్నాను. మాస్టారు తిప్పుకోలేదు. ఆయన కూడా చూశారు. ఏడాది శ్రమ గడ్డిలో ఇంకిపోవడం చూసి, జేబురుమాలుతో ఆయన బల్ల తుడవసాగారు. అప్పటికే ఆ బల్ల శుభ్రంగా ఉన్నది.

సాయంత్రం ఒక ముసలి రైతు వచ్చి పూర్తిగా తాగి, “సరుకు మంచిదే. కాని ఎండలో పెట్టావేమిటయ్యా, వెచ్చబడిపోయింది” అని మందలించి వెళ్ళాడు. ఆ రోజు మాకు లభించిన ప్రశంస అదొక్కటే. అమ్మినవి 14 అరపైంట్లు, వచ్చినది 35 పౌన్లు. దుకాణం అద్దె 30, నోటీసు రుసుము 21. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో ఎవరమూ మాట్లాడలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర మాస్టారు నాకు ఒక కాగితం మీద గీతలు గీసి చూపించారు. “తీపి లేదని చెప్పడానికి మాకు ‘డ్రై’ అనే మాట ఉన్నది. కాని నాలుకను పట్టుకొనే ఆ గుణానికి జనం వాడే మాట లేదు. ‘ఆస్ట్రింజెంట్’ అంటే మందులషాపులో ఉన్నట్లుంటుంది” అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. “మాకు ఉన్నది, వగరు” అన్నాను. పచ్చి అరటికాయ కోసిన చేయి, నేరేడుపండు తిన్న నాలుక, ఉసిరికాయ మొదటి కొరుకు, ఆయనకు తెలియని ఈ వస్తువులన్నీ వివరించే ప్రయత్నం చేశాను. చివరకు ఉగాది పచ్చడి దగ్గరకు వచ్చాను. సంవత్సరం మొదటి రోజున ఆరు రుచులు కలిపి తింటామని, వాటిలో వేపపూత చేదూ మామిడి వగరూ ఉంటాయని చెప్పాను.

“పిల్లలు తింటారా?” అన్నది ఆయన భార్య.

“తింటారు. చేదుగా ఉంటుందని ముందే తెలుసు. పైగా పెట్టేది చెంచాడే” అన్నాను.

ఆమె చేతిలోని ఫోర్కు కింద పెట్టి, భర్త వైపు చూసింది. “చెంచాడు” అన్నది. నేను గొప్ప సలహా ఏమీ ఇవ్వలేదు, పండుగ సంగతి చెప్పానంతే. దానిని సలహాగా మార్చినది ఆమె.

ఆగస్టులో మరొక ఊరి ఉత్సవానికి వెళ్ళాము. ఈసారి పెట్టెల చుట్టూ మంచుదిండ్లు పెట్టిన తొడుగులు కట్టారు. తడి గోనె కప్పుదామని నేనూ ఒక ఉపాయం చెప్పాను. అది గాలి వీచినంతసేపే పనిచేసింది. డబ్బు తీసుకోకముందే ప్రతివారికీ ఒక గుక్కెడు పోసి, “తీపి ఉండదు” అనే రెండు మాటలు మాత్రమే చెప్పాలని మాస్టారికి ఆమె ఆజ్ఞ. పక్కన పళ్ళెంలో చెడ్డార్ జున్నుముక్కలు. మొదటి గంటలో ఆయన మూడుసార్లు మట్టి గురించి మొదలుపెట్టబోయి, భార్య దగ్గు విని ఆగిపోయారు. గుక్కెడు రుచి చూసి వద్దన్నవారు చాలామందే. కాని వద్దని నవ్వుతూ వెళ్ళారు. కొన్నవారు మాత్రం గ్లాసు ఖాళీ చేసి తిరిగి ఇచ్చారు. గ్లాసులు కడిగేవాణ్ణి కనుక ఈ లెక్కకు నేనే సాక్షిని. సాయంత్రానికి ఒక పెట్టె ఖాళీ అయింది. ఖర్చులు పోగా మిగిలింది పెద్ద మొత్తమేమీ కాదు. కాని మట్టి సంగతి తామే అడిగినవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అప్పుడు ఆమె దగ్గలేదు.

నేను తిరిగి వచ్చే ముందు, అక్టోబరులో మూడవ ఉత్సవం. అక్టోబరు 21వ తేదీని ‘ఆపిల్ డే’గా జరపడం 1990లో ‘కామన్ గ్రౌండ్’ అనే సంస్థ ప్రారంభించింది. అంతరించిపోతున్న తోటల వైపు జనం దృష్టి మరల్చడం దాని ఉద్దేశం. ఇప్పుడు ఎన్నో ఊళ్ళలో ఆ తేదీకి అటూ ఇటూ ఈ వేడుక జరుగుతుంది. మాస్టారు బల్ల మీద ఒక గంపెడు కింగ్‌స్టన్ బ్లాక్ కాయలు పెట్టారు. ముదురు ఎరుపు, కొన్నిచోట్ల దాదాపు నలుపు. చూడముచ్చటగా ఉంటాయి. “ముందు కొరకండి” అన్నారు వచ్చినవారితో.

కొరికినవారి ముఖాలు చూసి తీరవలసిందే! ఒక కుర్రవాడు ఉమ్మేసి స్నేహితులను పిలుచుకొని వచ్చాడు, వారి చేత కూడా కొరికించడానికి. దుకాణం ముందు నవ్వులతో గుంపు చేరింది. నోరు ముడుచుకున్న ఆ క్షణంలో మాస్టారు గుక్కెడు పోసి చేతికిచ్చేవారు. కాయలో మొరటుగా ఉన్న వగరు గ్లాసులో మెత్తబడి, నాలుకను కొంచెం పట్టుకొని వదిలిపెడుతుందని వారు అన్నారు. నేను కాయ మాత్రమే కొరికాను. లేత నేరేడుకాయ కొరికినట్లయి, చిన్ననాటి మా ఊరి చెరువుగట్టు ఒక్కసారిగా కళ్ళముందు నిలిచింది.

నాలుగు గంటలకు రెండు పెట్టెలు ఖాళీ అయ్యాయి. మూడవది సగానికి దిగింది. ఒక భోజనశాల యజమానురాలు వచ్చి నెలకొక పెట్టె పంపగలరా అని అడిగి, చిరునామా రాసి ఇచ్చింది. మాస్టారు ఆ కాగితాన్ని నోటుపుస్తకంలో పెట్టుకొని, మళ్ళీ తీసి చదివి, మళ్ళీ పెట్టుకున్నారు.

నవంబరు మొదటివారంలో, నేను ఏలూరు చేరిన మూడవ రోజున, ఆయన ఫోను చేశారు. ఈ సంవత్సరం నాలుగు టన్నుల కాయ ఏరుతున్నామని, నడుము నొప్పిగా ఉన్నదని చెప్పారు. చెట్లు పెరికే యంత్రం సంగతి అడిగాను.

“రద్దు చేసేశాము” అన్నారు.

వెనుక నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “రద్దు కాదు, వాయిదా. వచ్చే నవంబరుకు.”