వంటిల్లు గోడకెక్కాల

ఏమక్కా, గుడ్డలారేసేది అయిందా? కొంచేపు గోడకాడికి రా, ఒక బొమ్మ చూపిస్తా. ఇదో, ఫోన్లో చూడు. దేవత కాదు, రాణి కాదు. వంటింట్లో కిటికీ కాడ నిలబడి పని చేసుకుంటా ఉండే ఆడమనిషి, అంతే. మొగం లేదు, వీపే అగుపిస్తాది. ఎర్ర పావడ కట్టుకోనుంది. కిటికీకి ఏలాడే పసుపు తెరలో నుంచి ఎండ లోపలికి దూరతా ఉండాది. డెన్మార్కులో ఆనా ఆంకర్ అనే ఆమె 1880లల్లో వేసిన బొమ్మ. స్కాగెన్ అని సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. బొమ్మలేసేవాళ్లు శానా మంది బయటినుంచి ఆ ఊరికి వచ్చిపోతా ఉన్నారు గానీ ఈమె ఆడే పుట్టి పెరిగింది. ఆ కాలంలో కోపెన్‌హాగన్ అకాడమీలో ఆడోళ్లను చేర్చుకునేది లేదు. 1888లో గానీ వాళ్లకు ఆడ బడి పెట్టలేదు. అందుకని ఈమె ప్రైవేటు బడిలో నేర్చుకునింది.

పొయ్యికాడ మన వీపును ఇంత శ్రద్ధగా చూసినోళ్లు ఎవురుండారు చెప్పు?

ఆ పక్కనే స్వీడన్. ఆడ కార్ల్ లార్సన్ అని ఒకాయన, 1899లో ‘ఎట్ హెమ్’ అని పుస్తకమే వేసినాడు. ఆయన ఇల్లు, పెండ్లాం కారిన్, పిల్లోళ్లు, అవే బొమ్మలు. వంటింటి బొమ్మలో ఆడపిల్లలు వెన్న తీస్తా ఉండారు. మనం తాడుతో లాగినట్ల కాదు, నిలువు కొయ్య తొట్టిలో కట్టె పైకీ కిందకీ పొడస్తారు.

దాన్ని చూస్తానే నాకు మన కాళాస్తి కలంకారీ గుడ్డ మనసులోకి వచ్చేసింది. యశోదమ్మ చిలకతా ఉంటే కిష్ణుడు కవ్వం పట్టుకునే బొమ్మ చూసుంటావు కదా. ఆ కుండ, ఆ తాడు, ఒంగిన నడుము మన పల్లెలో ఆడోళ్లవే. అయితే ఆయమ్మ దేవుడి తల్లి గాబట్టి గుడ్డ మిందికి వచ్చింది. వట్టి మనిషికైతే చోటు దొరికేది కాదు.

తప్పు పట్టేది లేదక్కా. గుడికోసం, కథ చెప్పేదానికోసం పుట్టిన పని అది. ఒక కాలంలో ఆ పనే నిలిచిపోయేటట్లుంటే కమలాదేవి చటోపాధ్యాయ గారు పూనుకున్నారు, 1950లల్లో కాళాస్తిలో నేర్పించే కేంద్రం పెట్టించినారు. ఆ ఊరి గుర్రప్ప చెట్టి గారికి ఈ పనికే 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఆ పని దగ్గరుండి చూడాల నువ్వు. కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపి గుడ్డ తడిపి ఎండేస్తారు. పాలు పట్టుంటేనే గీత పాకకుండా నిలుస్తాది. చింతకట్టె బొగ్గుతో గీసుకుంటారు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారం కట్టి, అదే కలం. ఆ ఉన్నిని వేళ్లతో ఒత్తతా ఉంటే రంగు మొనకు దిగుతాది. నల్లరంగేమో, తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లల్లో దినాల తరబడి ఊరబెట్టి తీసేది. ఆ నీళ్లు చూస్తే అంత నలుపుండదు, కరక్కాయ పట్టిన గుడ్డకు తగలంగానే కాటుక మాదిరి తేలతాది. ఆమీట పటిక పూసేది, ఉడకేసేది, పారే నీళ్లల్లో ఉతికేది. స్వర్ణముఖిలో నీళ్లుంటే ఆ ఏట్లోనే. రంగులు నింపే పనిలో ఇప్పుడు ఆడోళ్లు శానా మంది ఉండారు.

పాలు, బెల్లం, పటిక, చింతకట్టె, అన్నీ ఇంట్లో వాడుకునేటివే కదా. ఆ సరుకుతో వేసే బొమ్మలో మన వంటిల్లు మాత్రం లేదు. నా బాధంతా అదే. ఇప్పుడు పల్లె బొమ్మలు వేస్తా ఉండారులే, నెత్తిన కుండలు, ఎద్దులబండి. చూసేదానికి బాగుంటాయి గానీ ఆ కుండ ఎవురిదో తెలీదు.

మన జిల్లా మనిషే ఒకాయన సొంత ఇంటినే బొమ్మ చేసినాడు, తెలుసునా? చిత్తూరు పక్క నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్లో చదివి, పారిస్ పోయి, ఒకే రేకు మింద రంగులన్నీ ఒకేసారి అచ్చువేసే పద్ధతి కనిపెట్టినోళ్లల్లో ముఖ్యుడు. 1972లో పద్మశ్రీ కూడా ఇచ్చినారు. అంత పెద్దాయన, పాకతా ఉండే కూతురు అపూను రేకు మింద చెక్కినాడు. బిడ్డ నేల మింద పాకేది ఎంత పెద్ద సంగతో ఆయనకు తెలిసింది.

అందుకే నేనొకటి అనుకుంటా ఉండా. మా చెల్లెలి కూతురు పెండ్లికి బీరువా, మంచం ఎట్లాగూ వస్తాయి. నేను మాత్రం ఒక గుడ్డ వేయించిస్తా. మా అమ్మ సంగటి కెలికేది, మా జేజి రోటికాడ ఊరిబిండి నూరేది, తెల్లారుజామున పాలక్యాను ఎత్తుకోని మా నాయిన పోయేది. జేజి ఒక చేత్తో నూరి ఒక చేత్తో ఎంట్రుకలు ఎనక్కి తోసుకునేది కూడా రావాల. పాత ఫోటోలుండాయి, వాటిని ఇచ్చి చెప్తే వేసేవాళ్లుంటారు.

నువ్వూ రాక్కా, కాళాస్తికి. రేటు మాట్లాడేది నీకు బాగా వచ్చు. రసాయనం రంగులొద్దని ముందుగానే గట్టిగా చెప్పుకోవాల. ఎండకూ నీళ్లకూ చూసుకోని చేసే పని, ఇప్పుడే చెప్పకపోతే పెండ్లికి అందదు.