ఫిలడెల్ఫియాలో పాడిండ్లు

మా యమ్మాయి కాపురముండు ఫిలడెల్ఫియా అమెరికాలోని ప్రాచీన నగరములలో నొకటి. 1682లో విలియం పెన్ దానిని స్థాపించెను. ఉత్తరభాగపు వీధులలో ఎఱ్ఱయిటుకల మేడలు గోడకు గోడ యానుకొని వరుసగా నుండును. పూర్వ మచ్చట నేతమిల్లులు విరివిగా నుండెడివి. అవి మూతపడుటతో పనివారు వలసపోయిరి; వేలకొలది యిండ్లు పాడుపడినవి. ఒక యిల్లు కురిసిన నిరుప్రక్కల గోడలును నానును.

యజమానులు కిటికీలకు చెక్కలు కొట్టించి ఊరకుండెడివారు. అందుచే నగరపాలకసంఘమువారు 2011లో ఒక శాసనమును అమలుపఱుప సాగిరి. నూటికి 80 ఇండ్లలో కాపురములున్న వీధియందు ఖాళీ యింటికిని నిజమైన తలుపులు, కిటికీలు పెట్టింపవలెను. లేనిచో ఒక్కొక్క తలుపునకు, కిటికీకి దినమునకు 300 డాలర్ల వఱకు జరిమానా! ఎనిమిది కిటికీల మేడకు 2,400 డాలర్లు. బాగుచేయబడిన యిండ్ల చుట్టుపట్ల దౌర్జన్యములు తగ్గెనని 2015లో పరిశోధకులు ప్రకటించిరి.

ఈ సంగతి ముచ్చటించుచుండగా పొరుగింటి వృద్ధురాలు, "దూరముననున్న ధనికుని దండించుట మంచిదే. కాని తల్లీ, నా కప్పు కారుచున్నది. రేపు నాకును తాకీదు వచ్చునేమో!" అనెను. ఆమె భయము నిజమైనదే. స్వగృహమున నివసించు పేదలకు కప్పు, కుళాయి, విద్యుత్తు మున్నగువానిని ఉచితముగా బాగుచేయించు ఏర్పాటును నగరమువారు చేసియున్నారు. అది లేనిచో శాసనము పేదరాలినే ముందు వీధిపాలు చేయును.

ఇండ్లు కూలిన స్థలముల కథ మఱియొకటి. 541 స్థలములను మూడు తెగలుగా విభజించి పరీక్షించిరి. కొన్నిట చెత్త నెత్తి, మన్ను చదునుచేసి, పచ్చిక పెంచి, చెట్లు నాటి, పొట్టి కొయ్యకంచె వేసిరి. కొన్నిట చెత్త మాత్రమే యెత్తిరి. కొన్నిటి నట్లే విడిచిరి. పచ్చిక పెంచినచోట దిగులుతో క్రుంగుచుంటిమనువారు నూటికి 41 వంతులు తగ్గిరని 2018లో తేలెను. చెత్తమాత్ర మెత్తినచోట మనస్సున కంతటి గుణము కానరాలేదు.

సోదరీమణులారా! మన వాకిట ముగ్గు తీర్చి, ప్రక్కనున్న ఖాళీస్థలమున చెత్త పాఱబోయు అలవాటు మనలో ననేకులకు కలదు, నాకును కలదు. తిరిగివచ్చిన మఱునాటి ఉదయమున చేట పట్టుకొని ఆ గోడయొద్ద నిలిచితిని. పోయుటకు మనసొప్పక మరలితిని.