ఇరవై అయిదో తూటా

ఆదివారం పూట కాఫీ తాగుతూ చదివే పేజీలో పిస్టల్ గొడవేమిటని విసుక్కోకండి. నేను పోలీసు శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆర్మరర్‌గా చేసి రిటైరైన మనిషిని. ఆర్మరర్ అంటే తుపాకులు పేల్చేవాడు కాదు. వాటికి జబ్బు చేస్తే చూసేవాడు. ఒక బల్ల, ఒక లైటు, నాలుగైదు స్క్రూడ్రైవర్లు, పుల్‌త్రూ తాడు, చిందీ గుడ్డలు... అదే మా లోకం. నా యూనిఫాం మీద నూనె మరకలు ఉతకలేక మా ఆవిడ "మీది పోలీసు ఉద్యోగమా, సైకిలు షాపా?" అని అడిగేది. సైకిలు షాపు వాడికైతే రోజూ డబ్బులన్నా కనబడతాయని కూడా అనేది, అది వేరే సంగతి.

రిటైరయ్యాక కూడా లైసెన్సు పిస్టళ్లున్న పెద్దమనుషులు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. పదింట ఆరు ఫోన్లు ఒకే ఫిర్యాదు మీద. "స్లైడు రావట్లేదండీ, బిగుసుకుపోయింది" అని.

స్లైడు అంటే పిస్టల్ పైభాగంలో ముందుకీ వెనక్కీ జారే ఇనుప తొడుగు. దాన్ని వెనక్కి లాగి వదిలితే స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది. పోతూపోతూ అది పిడిలో ఉన్న మ్యాగజైనులోంచి ఒక తూటాను ఛాంబర్లోకి నెడుతుంది. అక్కణ్నుంచి పేలిన ప్రతిసారీ ఆ పేలుడు శక్తే స్లైడును వెనక్కి తోసి ఖాళీ తొడుగును బయటికి విసిరి కొత్త తూటాను లోపల పెడుతుంది. ఈ ఏర్పాటుకు ఒక రూపం తెచ్చినవాడు జాన్ బ్రౌనింగ్ అనే అమెరికావాడు. మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనిపించే పాయింట్ 32 తూటా కూడా ఆయన తయారుచేసిందే. ఆయన 1926లో బెల్జియంలోని లీజ్ పట్నంలో, ఆయుధాల ఫ్యాక్టరీలో పనిమీద ఉండగానే పోయాడు. ఆయన వదిలిన పనిని అక్కడివాళ్లు పూర్తిచేస్తే 1935లో హై పవర్ పిస్టల్ వచ్చింది. మన పోలీసులు నడుముకు కట్టుకు తిరిగిన ఈశాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్టల్ దాని సంతానమే. 9 ఎంఎం మామూలు పౌరులకివ్వరు, అది నిషేధిత బోరు. అందుకే ఇళ్లలో ఉండేవన్నీ చాలావరకు పాయింట్ 32లే.

ఇక్కడొక తమాషా ఉంది. చూడ్డానికి చిన్నగా, ముద్దుగా ఉండే పాయింట్ 32 స్లైడు పెద్ద 9 ఎంఎం కంటే గట్టిగా ఉంటుంది. పెద్దదాంట్లో పేలే క్షణానికి గొట్టమూ స్లైడూ ఒకదానికొకటి గొళ్లెం వేసుకుని ఉంటాయి. భారమంతా ఆ గొళ్లెం మోస్తుంది కాబట్టి స్ప్రింగు కాస్త మెత్తగా ఉన్నా నడుస్తుంది. చిన్నదాంట్లో గొళ్లెం లేదు. స్లైడు బరువూ స్ప్రింగు బిగువూ... ఈ రెండే పేలుడును ఆపాలి. అందుకని స్ప్రింగు కటువుగా పెడతారు. "చిన్న పిస్టల్ కదా, ఆడవాళ్లకూ ముసలివాళ్లకూ సులువు" అని కొనేవాళ్లకు ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు.

కాబట్టి బిగుతు అనగానే జబ్బనుకోకూడదు. ముందు సేఫ్టీ మీట చూడాలి. చాలా రకాల పిస్టళ్లలో సేఫ్టీ వేసి ఉంటే స్లైడు కదలనే కదలదు. ఇంత చిన్న విషయానికి నలభై కిలోమీటర్లు కారేసుకుని మా ఇంటికొచ్చిన కాంట్రాక్టరు ఒకాయన ఉన్నాడు. నేను బొటనవేలితో మీట కిందికి దించి స్లైడు లాగి చూపిస్తే ఆయన నావైపు కాదు, తన డ్రైవరు వైపు కోపంగా చూశాడు! రెండోది, మ్యాగజైను నిండుగా ఉంటే పై తూటా స్లైడును కిందనుంచి ఒత్తుతూ ఉంటుంది. మ్యాగజైను తీసేస్తే ఆ బిగువు తగ్గుతుంది. ఎలాగూ మొదట తీయాల్సింది మ్యాగజైనే. అది లోపలుండగా స్లైడు లాగి వదిలితే ఛాంబర్ ఖాళీ అవడం మాట అటుంచి, ఇంకో తూటా వెళ్లి కూర్చుంటుంది.

మూడోది చేతివాటం. ట్రైనింగుకొచ్చిన ఆడపిల్లలు మొదటిరోజు స్లైడును రెండు వేళ్లతో, చింతపండు పిసికినట్టు పట్టుకుని లాగేవాళ్లు. రాకపోతే కళ్లనీళ్లు. మగపిల్లలు కూడా తక్కువేం కాదు, కాకపోతే వాళ్లు ఏడవకుండా పిస్టల్ బాగాలేదనేవాళ్లు. నేను చెప్పేది ఒకటే. చెయ్యి చాచి లాగొద్దు, పిస్టల్‌ను గుండెల దగ్గరికి తెచ్చుకో. మూతి ఎదర టార్గెట్ వైపే ఉండాలి, పక్కవాడి వైపు తిరగకూడదు. వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దు. ఎడమ అరచెయ్యి మొత్తం స్లైడు వెనకభాగం మీద వేసి నాలుగు వేళ్లతో బిగించు. ఇప్పుడు ఎడమచేత్తో లాగుతూనే కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యి. విల్లు ఎక్కుపెట్టేవాడు నారి ఒక్కటే లాగడు, వింటిని కూడా ముందుకు తోస్తాడు కదా! శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక బక్కపలచని అమ్మాయి ఈ మాట విని రెండోసారికే లాగేసింది. వదిలేటప్పుడు మాత్రం చేత్తో సాగనంపకూడదు, టక్కున వదిలేయాలి. లేకపోతే స్లైడు సగంలో నిలబడిపోతుంది.

ఇవేవీ కాకపోతే అప్పుడు అసలు జబ్బులు. మన ఇళ్లలో మొదటి దోషి కొబ్బరి నూనె. తలకు రాసుకునే నూనె తుపాకీకి రాస్తారేమిటండీ అంటే "స్వచ్ఛమైనదేనండీ, గానుగలో ఆడించింది" అంటారు. అది ఇరవై నాలుగు డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది. సంక్రాంతి రోజుల్లో సీసా ఎండలో పెట్టుకునేది అందుకే కదా! స్లైడు జారే గాడుల్లో అదే గడ్డకట్టి, దుమ్ము పట్టి, నాలుగేళ్లకు జిగురైపోతుంది. పల్చని గన్ ఆయిల్ వాడాలి, అదీ చుక్కల లెక్కన. రెండో దోషి తోలు కేసు. అందంగా ఉంటుందని పిస్టల్‌ను అందులోనే పెట్టి బీరువాలో దాస్తారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును ఊనిన మందుల ప్రభావం కూడా ఇనుము మీద పడుతుంది. మా గోదావరి జిల్లాల సముద్రపు గాలికి ఒక్క వానాకాలం చాలు, గాడులు తుప్పెక్కడానికి.

పిస్టల్ ఖాళీ అని రూఢి చేసుకున్నాక మేం చేసే పరీక్ష ఒకటుంది. స్ప్రింగు తీసేసి ఉత్త స్లైడును ఫ్రేము మీద ఎక్కించి జార్చి చూడటం. నీళ్లలా జారితే తప్పు స్ప్రింగుదో, అది ఎక్కే కడ్డీదో. ఎక్కడో గీరుకుంటే తప్పు గాడిలో ఉంది. గాడికి దీపం మసి పూసి ఒకసారి జారిస్తే గీరుకునేచోట మసి చెరిగి ఇనుము తళుక్కుమంటుంది. నాకు పని నేర్పిన పెద్దాయన దగ్గర ఈ పనికోసమే ఒక కిరసనాయిలు బుడ్డి ఉండేది. కొందరు లేతు మెషీను వాళ్ల దగ్గరికి వెళ్లి స్ప్రింగు రెండు చుట్లు కోయించుకుంటారు. స్లైడు హాయిగా వస్తుంది, నిజమే. పేల్చినప్పుడు అది సుత్తిదెబ్బలా వచ్చి ఫ్రేముకు కొట్టుకుంటుంది, కొన్నాళ్లకు ఫ్రేము బీటలిస్తుంది. పైగా ఆయుధం బాగుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలి, లేతు మెషీను వాడికి అది ఉండదు.

ఇదంతా చెప్పడానికి కారణమైన ఫోన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. నా స్నేహితుడు, రైసుమిల్లు ఆయన, ఆ ఏడాది మొదట్లోనే పోయాడు. పూర్వం వసూళ్లకు రాత్రిళ్లు తిరిగేవాడు కాబట్టి పిస్టల్ లైసెన్సు తీసుకున్నాడు. ఆయన పోయిన దుఃఖంలో దాని సంగతి ఎవరికీ గుర్తులేదు. లైసెన్సు గడువు గురించి స్టేషన్ నుంచి ఫోన్ వస్తేగానీ బీరువా తెరవలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు మ్యాగజైను ఊడదీసి, స్లైడు లాగబోతే రాలేదు. సేఫ్టీ వేసి చూశాడు, తీసి చూశాడు. సుత్తి కోసం వెతుకుతుంటే తల్లి అడ్డం పడి నాకు ఫోన్ చేయించింది.

"ఖాళీ చేసేశాను అంకుల్, మ్యాగజైన్ తీసేశా. స్లైడే స్టక్ అయింది. కొంచెం తడితే వచ్చేస్తుందేమో" అన్నాడు.

"బాబూ, ముందు అది కింద పెట్టు. మూతి గోడవైపు తిప్పి పెట్టు. పాపను ఆ గదిలోకి రానివ్వకు. నాన్నగారి లైసెన్సు పుస్తకం ఉందా? అందులో తూటాలు ఎన్ని కొన్నట్టు రాసి ఉంది?"

పుస్తకంలో 25 అని ఉంది. పెట్టెలో ఎన్నున్నాయో లెక్కపెట్టమన్నాను. 18. మ్యాగజైనులో? 6. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. లెక్క అతనికీ తెలిసిపోయింది.

స్టేషన్ ఎస్సైకి చెప్పి, ఆయన్నీ ఒక కానిస్టేబుల్నీ వెంటబెట్టుకునే వెళ్లాను. లైసెన్సుదారు పోయాక ఆ పిస్టల్ మీద చెయ్యి వేసే హక్కు ఇంట్లోవాళ్లకే లేదు, నాకెక్కడిది? పెరట్లో బకెట్ నిండా ఇసుక పోయించి పిస్టల్ మూతి అందులోకి ఉంచాను. గాడుల వెంబడి పల్చని నూనె చుక్కలు వేసి నలభై నిమిషాలు అలాగే వదిలేశాం. సుత్తులూ పట్టకార్లూ పనికిరావు, నూనెకు టైమివ్వాలి. ఆ నలభై నిమిషాలూ మా చెల్లెమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడింది.

అసలు కష్టం తర్వాత. సేఫ్టీ వేసి ఉంటే స్లైడు రాదు. తీస్తే, లోపల తూటా ఉన్న పిస్టల్‌కు ఉన్న ఒక్క అడ్డూ తొలగిపోతుంది. ఎస్సైగారిని నా వెనక్కి రమ్మని, మూతి ఇసుకలోనే ఉంచి, ట్రిగ్గర్ దరిదాపుల్లోకి వేలు పోనీయకుండా మీట దించాను. అరచెయ్యి వేసి లాగాను. ముందు ఇసుక నమిలినట్టు కరకర, తర్వాత ఒక్కసారిగా వదులు. తూటా ఎగిరి తులసికోట పక్కన పడింది. ఇత్తడి మీద పచ్చటి చిలుము పట్టి ఉంది.

కొడుకు ముఖం పాలిపోయింది. తల్లి మాత్రం నెమ్మదిగా అడిగింది. "ఎప్పుడూ ఖాళీగానే ఉంచేవారు అన్నయ్యగారూ. పండక్కి పిల్లలొస్తే నాకు తీసి చూపించేవారు కూడా. మరి ఇదెందుకు పెట్టారు?"

"బావగారి చేతులెలా ఉండేవమ్మా చివర్లో?"

ఆమెకు వెంటనే అర్థమైంది. "కీళ్లవాతం. రెండేళ్లు చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని" అంది.

స్లైడు గట్టిది, చేతులు బలహీనం. అవసరమొస్తే లాగలేనని ఎప్పుడో ఒకరోజు ఎవరిచేతో లాగించుకునో, పళ్లు బిగించి తనే లాగో, ఒకటి లోపల పెట్టి సేఫ్టీ వేసి దాచేసి ఉంటాడు. తర్వాత తీయాలన్నా లాగలేడు. ఈ మాట కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. గుండీలు పెట్టించుకోవడానికి సిగ్గుపడని మనిషి దీనికి సిగ్గుపడ్డాడు. ఆ బీరువాలో, ఆ అరలోనే, ఆమె పట్టుచీరలు ఉన్నాయి. మనవరాలు దాగుడుమూతలాడేది ఆ గదిలోనే. నేను చూసిన కేసుల్లో ఇలాంటి వయసులో పిస్టల్ ఉంచుకోవడం అనవసరమనే నా అభిప్రాయం, స్నేహితుడైనా అదే చెప్పేవాణ్ని. అడగలేదు, చెప్పలేదు.

ఇలాంటి పరిస్థితి వచ్చినవాళ్లకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను. 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, లైసెన్సుదారు పోతే ఆ ఆయుధాన్ని జాప్యం చేయకుండా దగ్గర్లోని పోలీసు స్టేషన్లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. కావాలంటే వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పిస్టల్ ఖాళీయో కాదో తెలియకపోతే ముట్టుకోకుండా స్టేషన్‌కు కబురు చేయడమే మేలు, వాళ్లే తెలిసిన మనిషిని పంపుతారు. డిపాజిట్ చేశాక పిస్టల్ నంబరుతో, తూటాల లెక్కతో రసీదు తీసుకోవాలి.

మా చెల్లెమ్మ ఆ రోజే ఇచ్చేసింది. కొడుకు లైసెన్సుకు పెట్టుకుంటానని ఏదో అనబోతే కళ్లతోనే ఆపింది. కానిస్టేబులు హాల్లో కూర్చుని రసీదు రాస్తూ పెట్టెలోవీ మ్యాగజైనులోవీ కలిపి "తూటాలు 24" అని వేశాడు. ఆమె లోపలికెళ్లి, కొంగుతో తుడిచిన ఆ పచ్చటి చిలుము తూటా తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఇరవై అయిదు రాయండి బాబూ" అంది.