ఎవరూ చూడని వేళ

సిండ్రెల్లా సవతి అక్కలు చివరికి ఏమయ్యారు? 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో చెప్పిన కథలో వాళ్లు చెల్లెలి కాళ్లమీద పడతారు. ఆమె లేవనెత్తి కౌగిలించుకుని, ఇద్దరికీ ఆస్థాన ప్రభువులతో పెళ్లిళ్లు చేయిస్తుంది. జర్మనీ గ్రిమ్ సోదరుల కథలో మాత్రం పావురాలు వాళ్ల కళ్లు పొడిచేస్తాయి. 1812 నాటి తొలి ముద్రణలో ఆ శిక్ష లేదు, 1819లో చేర్చారు.

పెరో దయ గొప్పదే. కానీ ఆ అక్కలు మారారా? గాజు చెప్పు చెల్లెలి పాదానికి సరిపోయాకే కదా వాళ్లకు క్షమాపణ గుర్తొచ్చింది! లేకుంటే మర్నాడూ ఆమె చేత ఇంటి చాకిరీ చేయించేవాళ్లే.

2014లో డిస్నీ తీసిన ‘మెలఫిసెంట్’ సినిమా ఈ ప్రశ్నలోకి ఇంకాస్త లోతుగా దిగింది. 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’ కార్టూన్ చిత్రంలో మెలఫిసెంట్ అనే మంత్రగత్తెది ఉత్త దుర్మార్గం. కొత్త సినిమాలో ఏంజెలినా జోలీ పోషించిన ఇదే పాత్రకు ఒక గాయం ఉంది: నమ్మిన నేస్తం స్టీఫనే ఆమె రెక్కలు కోసుకుపోయాడు. ఆ గాయం కోపానికి కారణం చెబుతుంది గానీ, అతని పసిబిడ్డ అరోరాను శపించిన పాపాన్ని కడిగెయ్యదు.

నిజంగా కదిలించేది మరో ఘట్టం. పెరిగిన అరోరా నిద్రపోతుండగా మెలఫిసెంట్ తన శాపాన్ని తానే వెనక్కి తీసుకోబోతుంది. మెప్పించడానికి అక్కడ ఎవరూ లేరు. ఏ శక్తీ తిప్పలేని శాపమని పలికింది తనే కాబట్టి అది కదలదు. అయినా ఆమె ఆ పిల్లను వదలదు. కాపాడడానికి, తనను కాల్చే ఇనుము నిండిన స్టీఫన్ కోటలోకే వెళుతుంది.

అక్కడ స్టీఫన్‌కూ మారే అవకాశం వచ్చింది. పోరు ముగిసిందంటూ ఆమె అతని గొంతు వదిలేసింది. అతను మళ్లీ ఆమెమీదికే దూకి, బురుజు నుంచి పడి చచ్చాడు.