జాలాడి పక్కన బంతిపూలు



ఈ నెల నేను వ్రాయబోయేది ఇంటి ముందు పూలమొక్కల గురించి. మా వజ్రకరూరు సంగతి తెలిసినవారు నవ్వుకోవచ్చు. తొలకరి జల్లు పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి, చేలల్లో వంగి వజ్రాలు వెదికే ఊరు ఇది. భూమి లోతుల నుండి వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైటు రాయి మా నేల కింద ఉంది. రాయి మాటెలా ఉన్నా నీటికి మాత్రం ఎప్పుడూ కరువే. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా శనక్కాయ పైరుకు అవసరమైన వేళ పడుతుందన్న నమ్మకం లేదు.

2018లో వానలు తప్పిపోయాయి. బిందెలు వరుసగా పెట్టుకుని నీళ్ళ కోసం కాచుకున్న రోజులవి. ఒక ఆదివారం నేను పొదుపు గురించి ప్రసంగిస్తూ, "తాగే నీళ్ళకే కటకటగా ఉంటే పూలమొక్కలకు పోసేవారు కూడా మనలో ఉన్నారు" అన్నాను. పేరు చెప్పలేదు. అయితే మా సంఘంలో ఇంటి ముందు పూలు పెంచేది ఒక్క అవ్వే. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆమె కొంగు తలమీదికి లాక్కుని తల వంచుకుంది.

ఇంటికి వచ్చాక నా భార్య, "ఆ అవ్వ ఇంటికి ఒక్కసారి వెళ్ళి చూసి ఆ మాట అని ఉండవలసింది" అంది. మర్నాడు గృహదర్శనానికి వెళ్ళాను. అవ్వ కోపం చూపలేదు. నన్ను జాలాడి దగ్గరకు పిలుచుకుపోయింది. బోకులు కడిగిన నీళ్ళు పోయే దారిలో చేతితో చిన్న కాలువ తీసి ఉంది. దాని పక్కనే బంతి మొక్కలు, నాలుగు నాచుపూల తీగలు.

"అయ్యగారూ, తాగే నీళ్ళు వీటికి చెంబెడు పోసింటే దేవుడే నన్ను అడగనీ. ఊరికే పోతే దోమలకు, మళ్ళిస్తే పూలకు. కొడుకూ కోడలూ బెంగళూరికి కూలికి పోయినారు. ఈ బిడ్డ పొద్దున లేస్తే అమ్మ యాడని ఏడ్చేది. ఇప్పుడు లేస్తానే ఎన్ని పూలు పూసినాయో ఎంచుతాంది" అంది.

పక్కనే ఐదేళ్ళ మనవరాలు నిలబడి, "పదకొండు" అంది.

నాకు నోట మాట రాలేదు. అక్కడే క్షమాపణ అడిగాను. ఒకరి తల అందరి ముందు వంచాను గనుక, తర్వాతి ఆదివారం అందరి ముందే అదే స్థలంలో నిలబడి మళ్ళీ అడిగాను. అవ్వ ఆరాధన అయ్యాక పాతగుడ్డలో మూటగట్టిన బంతి గింజలు నా చేతిలో పెట్టింది.

ఆ మూటతోనే నా తోటపని మొదలైంది. నేర్చుకున్నది కొంత చెబుతాను. ఒక్క ఏడాదిలోనే మొలిచి, పూసి, విత్తనమిచ్చి ముగిసిపోయే పూలు మన పేద ఇళ్ళకు తగినవి. పండ్లచెట్టులా ఏళ్ళ తరబడి కాచుకోనక్కరలేదు. బంతి మన పండుగలతో పుట్టిందనుకుంటాం గాని అది మెక్సికో వైపు నుండి సముద్రం దాటి వచ్చిన పరదేశి. నాచుపూల మొక్క తన దళసరి ఆకుల్లో నీరు దాచుకుంటుంది గనుక మా ఎండకు ఓర్చుకుంటుంది. బొగడబంతి పూలు ఎండినా రంగు పోదు.

సెప్టెంబరు నెలాఖరున బంతి నారు పోసి, మూడు నాలుగు వారాలకు తీసి నాటితే క్రిస్మస్‌కు మందిరానికి పూలు కొనే పని ఉండదు. మొక్క జానెడు ఎదిగాక తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. వాడిన పూలు తీసేస్తుంటే కొత్త మొగ్గలు వస్తాయి. మొదట్లో శనక్కాయ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. సబ్బు నురగ నీళ్ళు వద్దు. బియ్యం, కూరగాయలు కడిగినవి, బోకులు చివరిసారి జాడించినవి చాలు. టమోటా మడిలో బంతి వేస్తే వేళ్ళను పట్టే నులిపురుగులు తగ్గుతాయి. మంచి పూలు కొన్నింటిని మొక్క మీదే ఎండనిచ్చి గింజలు దాచుకోండి. హైబ్రిడ్ ప్యాకెట్ల పూల నుండి తీసిన గింజలు మాత్రం తల్లి మొక్కలాంటి పూలే ఇస్తాయన్న నమ్మకం లేదు.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో మన ప్రభువు పూలను చూడమన్నప్పుడు, రేపు పొయ్యి పాలయ్యే అడవి గడ్డినే దేవుడు అలంకరిస్తున్నాడని చెప్పారు. గలిలయలో శీతకాలపు వానలకు పూసిన అడవిపూలు ఎండాకాలం రాగానే మాడి వంటచెరకవుతాయి. కంది కట్టె పొయ్యిలో పెట్టే మన తల్లులకు ఆ మాట బాగా తెలుసు. రేపు బూడిద కాబోయేదానికి ఇంత అందమెందుకని దేవుడు లెక్క చూసుకోలేదు. ఆ లెక్క చూసినవాణ్ణి నేను.

2019 వేసవిలో అవ్వ మనవరాలితో బెంగళూరు వెళ్ళిపోయింది. ఇంటికి తాళం పడింది. జూన్‌లో జల్లు పడ్డాక వజ్రాలు వెదికేవారు ఆ దారినే నేల చూస్తూ పోతున్నారు. నేను జాలాడి వైపు తొంగిచూశాను. ఎవరూ నాటకుండానే, రాలిన గింజల నుండి బంతి మొలకలు లేచి ఉన్నాయి. అవి పూసి ఎండాక గింజలు మూటగట్టి, బెంగళూరు వెళ్ళే మనిషి చేత పంపాను. కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. పలకరింపు కూడా లేకుండా ఆ చిన్నారి గొంతు, "అయ్యగారూ, పెయింటు డబ్బాలో మూడు" అంది.

ప్రియులారా, మీ ఇంటి జాలాడి నీళ్ళు ఈరోజు ఎటు పోతున్నాయో ఒకసారి చూడండి. పొరుగువారిని గూర్చి మాట అనే ముందు వారి వాకిలి కూడా చూసి రండి. ప్రభువు మీ గృహాలను దీవించును గాక. ఆమేన్.