ఫిడేలూ, పాదాలూ, నేలా

ప్రజాకళలు రంగస్థలం ఎక్కినప్పుడు వాటిని గూర్చి మనలో రెండు రకాల మాటలు వినిపిస్తూ ఉంటాయి. ఒకటి శాస్త్రజ్ఞుల మాట: ఇది కళ కాదు, గారడీ. రెండవది రసికుల మాట: ఆహా, ఏమి ఉత్సాహం, ఏమి చైతన్యం! మొదటి మాటలో తిరస్కారం ఉంది, రెండవ మాటలో మెప్పు ఉంది. కాని ఆ కళను పుట్టించిన మనుషులెవరు, ఏ నేలమీద నిలబడి పుట్టించారు అన్న ప్రశ్న మాత్రం రెండింటిలోనూ లేదు. కెనడా దేశపు తూర్పు అంచున, నోవాస్కోషియా రాష్ట్రంలో, కేప్ బ్రెటన్ దీవి ఫిడేలు వాద్యగాళ్ళ కచేరీ ఒకటి చూసినప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా హాలిఫాక్స్‌లో కాపురముంటున్నది. ఆమెను చూడబోయినప్పుడు, అక్కడ స్థిరపడిన తెలుగువారిలో కర్ణాటక సంగీతం బాగా తెలిసిన మిత్రులొకరు నన్ను ఆ కచేరీకి తీసుకువెళ్ళారు. వేదికమీద ఒక పియానో, ఒక గిటారు, ఇద్దరు ఫిడేలు వాద్యగాళ్ళు. వారిలో ఒకరు ముప్పై ఏళ్ళ స్త్రీ. ముందు స్ట్రాత్‌స్పే అనే బాణీలు వాయించారు. అది స్కాట్లండు వారి సొత్తు. పొట్టి స్వరం ఒకటి విరిచినట్టు పడి, పొడుగు స్వరం దాన్ని ఆనుకుని నిలబడుతుంది. ఆ గతి మెల్లగా బిగిసి బిగిసి, మధ్యలో ఆగకుండానే, రీల్ అనే వేగపు గతిలోకి దూకింది. అప్పుడు ఆ స్త్రీ కమాను తీగలమీదనుంచి ఎత్తకుండానే వేదిక అంచుకు వచ్చి నాట్యం మొదలుపెట్టింది.

ఇది ఎట్లా సాధ్యమని మొదట నాకు బోధపడలేదు. పరుగెత్తుతూ సూదిలో దారం ఎక్కించడంవంటి పని గదా! పరీక్షగా చూస్తే కీలకం తెలిసింది. నడుముకు పైభాగం దాదాపు కదలడం లేదు. గడ్డమూ భుజమూ ఫిడేలూ ఒక్క ముక్కగా ఉన్నాయి. ఆట అంతా మోకాలికి దిగువనే ఉంది. మడమా మునివేళ్ళూ బల్లలమీద దగ్గర దగ్గరగా, నేలను విడవడానికి ఇష్టంలేనట్టు, టకటకమని పడుతున్నాయి. కమాను ఎక్కడ తీగను గట్టిగా నొక్కుతుందో మడమ కూడా అక్కడనే బల్లను కొడుతుంది. ఇవి రెండు పనులు కావు, ఒకే పని రెండు చోట్ల జరుగుతున్నది. మేము మూడో వరుసలో ఉన్నాము గనుక, బాణీకీ బాణీకీ మధ్య ఆమె వగర్పు మాకు వినిపించింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. సభ లేచి చప్పట్లు కొట్టింది.

బయటికి వచ్చాక మిత్రులు పెదవి విరిచారు. “మాస్టారూ, మన ద్వారం వారు కూర్చుని కమాను కదిపితే సభ కదిలేదట. ఇక్కడ వీళ్ళు గెంతుతున్నారు, సభ కుర్చీల్లో కూర్చుని ఉంది. ఇది సంగీతమా, సర్కసా?”

నేనేదో జవాబు చెప్పాను గాని, ఆయన మాటలో చివరి సగమే అసలు విషయమని తర్వాత ఆలోచించగా తేలింది. సభ కుర్చీల్లో కూర్చుని ఉంది. ఎప్పటినుంచి కూర్చున్నది? అంతకుముందు ఎక్కడ ఉన్నది?

ఈ బాణీలు ఎక్కడివో చూద్దాం. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటం చదివినవారికి స్కాట్లండు కొండసీమ కథ తెలిసే ఉంటుంది. సదర్లండ్ జమీందారిణి 1814 - 1820 మధ్య తన ఎస్టేటునుంచి 15,000 మందిని, అనగా సుమారు 3,000 కుటుంబాలను, వెళ్ళగొట్టించిందనీ, పల్లెలు తగలబెట్టించి పొలాలను గొర్రెల బీళ్ళుగా మార్చిందనీ, 1825 నాటికి ఆ మనుషుల చోట 1,31,000 గొర్రెలు మేస్తున్నాయనీ ఆయన లెక్క కట్టి చూపించాడు. ఇది ఒక్క ఎస్టేటు సంగతి. ఇటువంటి బేదఖళ్ళు, పెరిగిన కౌళ్ళు, కరువులు పద్దెనిమిదో శతాబ్ది చివరినుంచి పందొమ్మిదో శతాబ్ది మధ్యవరకు గేలిక్ భాష మాట్లాడే రైతులను వేలకు వేలుగా ఓడలెక్కించాయి. వారిలో చాలామంది దిగిన రేవు కేప్ బ్రెటన్. అయితే నేల పోగొట్టుకున్నవారు వచ్చి నిలబడిన ఈ నేల కూడా ఖాళీ నేల కాదు. అది మిక్‌మా ఆదివాసులది. ఒకచోట బాధితులు మరొకచోట ఆక్రమణదారులు కావడం వలసరాజ్యాల చరిత్రలో కొత్త సంగతి కాదు. ఎస్కసోనీకి చెందిన మిక్‌మా కళాకారుడు లీ క్రెమో (1938 - 1999) ఆ దీవి గొప్ప ఫిడేలు వాద్యగాళ్ళలో ఒకడు కావడంకూడా ఆ చరిత్రలో భాగమే.

వలస వచ్చినవారు అడవి నరికి వేసుకున్న ఇళ్ళలో వెచ్చగా ఉండే చోటు వంటిల్లు ఒక్కటే. చలికాలపు రాత్రి ఇరుగుపొరుగులు చేరితే అదే సభ, అదే నాట్యశాల. ఫిడేలు వాయించేవాడు మూలన కుర్చీలో కూర్చునేవాడు. రెండు మడమలతోనూ తాళం కొడుతూ గంటలకొద్దీ వాయించేవాడు. తక్కినవారు ఆడేవారు. ఫిడేలు లేకపోతే నోటితోనే బాణీ పలికి ఆడేవారు. ఇరుకు గదిలో పదిమంది ఆడవలసినప్పుడు చేతులు విసరడం కుదరదు గదా! దేహం నిటారుగా, చేతులు పక్కలకు, అడుగు నేలకు దగ్గరగా ఉండే ఆ పద్ధతి అటువంటి ఇరుకుకు సరిగ్గా సరిపోయింది. వేదికమీద ఆ స్త్రీ ఫిడేలు చలించకుండా ఆడగలగడానికి ఆధారం కూడా ఆ పద్ధతే.

వాయించేవాడికి అది వృత్తి కాదు. పగలు వ్యవసాయమో చేపలవేటో బొగ్గుగనో, రాత్రి ఫిడేలు. ఆ దీవి వాద్యగాళ్ళలో అగ్రగణ్యుడైన బడ్డీ మాక్‌మాస్టర్ (1924 - 2014) నాలుగు దశాబ్దాలకు పైగా రైల్వేలో టెలిగ్రాఫు, స్టేషను ఉద్యోగం చేసినవాడు. ఆ ఉద్యోగం చేస్తూనే చిన్న ఊళ్ళ హాళ్ళలో రాత్రంతా నాట్యాలకు వాయించాడు. మంచి వాద్యగాడి పరీక్ష ఏమిటంటే, ఆడేవారి కాళ్ళు తమంతట తాము లేవాలి. అక్కడి పెద్దలు మరొక మాట కూడా అడుగుతారు: అతని ఫిడేలులో గేలిక్ ఉందా? అనగా ఆ భాష మాట్లాడేవారి ఒత్తులూ విరుపులూ కమానులో పలుకుతున్నాయా అని. బడులలో చిన్నచూపుకు గురై ఆ భాష క్షీణిస్తూ వచ్చింది. ఫిడేలులోనూ పాదాలలోనూ దాని జాడ నిలిచింది.

ఆ దీవిలో అంతా వంటింటి పాటే అనుకోవద్దు. తూర్పున బొగ్గుగనులు, సిడ్నీలో ఉక్కు కర్మాగారం. 1925 సమ్మెలో కంపెనీ కార్మికుల ఇళ్ళకు నీళ్ళూ కరెంటూ ఆపివేస్తే, జూన్ 11న గని కార్మికులు పంపింగు కేంద్రంమీదికి నడిచారు. కంపెనీ పోలీసుల కాల్పుల్లో విలియం డేవిస్ అనే కార్మికుడు చనిపోయాడు. ఆ దినాన్ని ఇప్పటికీ అక్కడ స్మరిస్తారు. 2001 నాటికి ప్రభుత్వ గనులూ, ఉక్కు కర్మాగారమూ మూతపడ్డాయి. తరాలుగా యువకులు పనులకోసం బోస్టనుకూ, అంటారియోకూ వెళ్ళిపోతూనే ఉన్నారు. ఇంటిలోకి రేడియో, టెలివిజను వచ్చాయి. ఇరుగుపొరుగు చేరే వంటిల్లు పలచబడింది.

1971లో కెనడా ప్రభుత్వ టెలివిజనువారు కేప్ బ్రెటన్ ఫిడేలు కనుమరుగవుతున్నదని ఒక చిత్రం తీశారు. దీవిలో దానికి జవాబు వ్యాసాలతో రాలేదు. 1973 వేసవిలో గ్లెండేల్ అనే చిన్న ఊళ్ళో వందమందికి పైగా ఫిడేలు వాద్యగాళ్ళు కూడి ఒక్క వేదికమీద వాయించారు. పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. ఈనాడు ప్రపంచం ఎరిగిన నటాలీ మాక్‌మాస్టర్, ఆష్లీ మక్‌ఐజక్ ఆ తర్వాతి తరంవారు. నటాలీ బడ్డీకి అన్నదమ్ముల కూతురు. ఆమె ముందు నేర్చినది అడుగులు, తొమ్మిదో ఏటగాని ఫిడేలు పట్టలేదు. వరస గమనించండి: పాదం ముందు, చెయ్యి తర్వాత.

ఇక ఆ నాట్యం వేదికమీదికి ఎట్లా వచ్చింది? హాలులో ఫిడేలు వాయించేవాడికి ఆడవలసిన అవసరం లేదు, ఎదుట పదులకొద్దీ మనుషులు ఆడుతున్నారు గనుక. తమాషాకు ఎప్పుడైనా ఎవరైనా వాయిస్తూ రెండడుగులు వేసి ఉండవచ్చు, లేదా ఫిడేలు పక్కవాడికిచ్చి లేచి ఆడి ఉండవచ్చు. కాని టికెట్టు కొన్న సభలో కుర్చీలు నేలకు బిగించి ఉంటాయి. ఆడే చోటు లేదు. శ్రోత ఆడడు, వింటాడు, చూస్తాడు. ఊరంతా కలిసి చేసిన పనిని ఇప్పుడు వాద్యగత్తె ఒక్కతే, తన ఒంటితో, చేసి చూపవలసి వచ్చింది. ఫిడేలుకే అంటుకునే చిన్న మైకూ, తీగ లేకుండా ధ్వనిని పంపే పరికరమూ వచ్చాక ఆమెను మైకు ముందు కట్టివేసిన తాడు కూడా తెగింది. 1994లో ఐర్లండులో ‘రివర్‌డాన్స్’ పుట్టి లోకమంతా తిరిగాక, రికార్డు వ్యాపారులు ఐరిషు, స్కాటిషు, బ్రెటను బాణీలన్నిటికీ కలిపి ‘కెల్టిక్’ అని ఒకటే చీటీ అతికించారు. ఆ చీటీ కింద అమ్ముడుపోయే సరుకు పేరు ‘ఉత్సాహం’.

నేను చెప్పదలచినది ఇది. ఆ స్త్రీ ఆడింది మనకు బదులుగా. నేలమీదనుంచి లేచిపోయిన నాట్యం ఆమె కాళ్ళలోకి వచ్చి చేరింది. అది గారడీ కాదు. ఆమె అడుగులో ఒక్కటీ కచేరీకోసం కల్పించినది కాదు, వెనుక తరాల శ్రమ ఉంది. అట్లా అని అది చెక్కుచెదరని ప్రాచీన చైతన్యమూ కాదు. వాయించేవారు, ఆడేవారు, చూసేవారు అని మనుషులను విడగొట్టిన వ్యవస్థ, ఆ విడిపోయినవాటిని తిరిగి ఒక మనిషిలో కలిపి మనకు టికెట్టు ధరకు చూపిస్తున్నది. మనకు కలిగే ఆనందంలో కొంత దుఃఖం కలిసి ఉండడానికి కారణం ఇదే.

మిత్రుల ఆక్షేపణకూ ఇక్కడే సమాధానం ఉంది. ఫిడేలుకు కూర్చోవడం సహజమనీ ఆడడం అసహజమనీ ఎవరు నిర్ణయించారు? ఆ వాద్యం మనకు వచ్చినదే కుంపిణీ కాలంలో. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపావారి వద్ద నేర్చి దాన్ని కర్ణాటక సంగీతంలో నిలబెట్టాడు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు సుమారు 40 పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చాడు. ఆ నొట్టుస్వరాలలో ఐరిషు, స్కాటిషు బాణీలు ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. కాళ్ళకోసం పుట్టిన బాణీ కూడా ఇక్కడకు వచ్చి, కూర్చుని పాడుకునే దైవస్తుతి అయింది! ఇందులో తప్పేమీ లేదు. బాణీ ఎవరి చేతిలో పడితే వారి జీవితానికి తగిన ఆసనం వేసుకుంటుంది. కాని ఒక ఆసనాన్నే శాస్త్రమనడం, మరొకదాన్ని సర్కసనడం సంగీత విమర్శ కాదు. అది వర్గ సంస్కారం.

ఈ సంస్కారానికి మన దగ్గర పాత ఉదాహరణలున్నాయి. డప్పు వాయించేవాడు నిలబడి వాయించడు, అడుగు వేస్తూ వాయిస్తాడు. బుర్రకథకుడు తంబురా మీటుతూ, పాడుతూ, గజ్జెల కాలితో ముందుకూ వెనక్కూ వస్తాడు. వీటిని చాలాకాలం సంగీత సభలు గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు తొక్కనిస్తున్నాయి, ఉత్సవాలలో పది నిమిషాలు. చావుకూ జాతరకూ వెట్టిగా డప్పు మోసిన భుజాన్ని మరచి, డప్పులోని ‘ఉత్సాహాన్ని’ మెచ్చుకుంటున్నాయి. మెప్పు కూడా ఒక్కొక్కప్పుడు మరపించే సాధనమే.

అందుచేత అభ్యుదయ విమర్శకుడు వేదిక ముందు కూర్చుని తీర్పు చెప్పి ఊరుకుంటే చాలదు, వేదిక వెనుక నేలను కూడా చూడాలి. కేప్ బ్రెటన్ విషయంలో ఆశకు ఆధారం ఉంది. దీవి పడమటి ఒడ్డున మబూ చుట్టుపట్ల చిన్న హాళ్ళలో చదరపు వరసల నాట్యాలు పోలేదు. పెద్ద వేదికలమీద పేరు తెచ్చుకున్నవారు కూడా ఆ హాళ్ళలో కుర్చీ వేసుకుని కూర్చుని, ఊరివారు ఆడుతుంటే వాయిస్తారు. అంతేకాదు, స్కాట్లండులో దాదాపు మరుగునపడిన ఆ అడుగులను ఇక్కడి గురువులు గత శతాబ్ది చివరి దశాబ్దాలలో స్కై దీవిలోని గేలిక్ కళాశాలకు తీసుకువెళ్ళి నేర్పారు. వెళ్ళగొట్టిన జమీందార్ల వంశాలు ఏమి మిగుల్చుకున్నాయో గాని, వెళ్ళగొట్టబడినవారు తమ పాదాలలో దాచుకున్నది తిరిగి సొంత ఊరికి చేరింది.

జానపద కళలమీద పని చేస్తున్న మన విద్యార్థి మిత్రులకు ఒక్క మనవి. మీరు ఊళ్ళకు వెళ్ళి పాట వ్రాసుకుంటారు, దరువు రికార్డు చేసుకుంటారు, మంచిదే. దానితోపాటు ఆ పాటకు ఎవరెవరు ఆడేవారు, ఏ చోట ఆడేవారు, ఆ చోటికి రానివ్వనిది ఎవరిని, ఈనాడు ఆ చోట ఏముంది అని కూడా అడిగి వ్రాసుకోండి. అది లేకుండా మీరు తెచ్చే పాట, కుర్చీలు బిగించిన సభకే పనికివస్తుంది.