కనిపించని ఈసీజీ

నిరుడు మాఘమాసంలో ఒక ఉదయం నడకకు వెళ్లిన మా తమ్ముడికి ఛాతీ పట్టేసినట్లయింది. కాసేపు కూర్చుంటే తగ్గిపోయింది. మరునాడు వాళ్ల ఊళ్లోనే ఒక పరీక్షా కేంద్రంలో ఈసీజీ తీయించుకున్నాడు. ఆ కేంద్రం వారు దాన్ని బెంగళూరులో ఉన్న వాళ్లబ్బాయికి ఈమెయిల్ చేస్తే, అతడు నాకు ఫార్వర్డ్ చేశాడు. ఆ సమయంలో నేనొక పెళ్లిలో ఉన్నాను. మెయిల్ వచ్చిందని ఫోనులో గమనించి, తెరిచి చూడకుండానే "అందింది" అని ఒక్క మాట జవాబిచ్చాను.

మరునాటి సాయంత్రం ఇల్లు చేరాక కంప్యూటరులో తెరిచాను. "మీ ఈసీజీ దిగువన చూడగలరు" అన్న వాక్యం ఉంది. ఆ వాక్యానికి పైనొకటి, కిందొకటి ఖాళీ గడులు ఉన్నాయి. వెంటనే అబ్బాయికి ఫోను చేశాను.

"అదేమిటి పెదనాన్నా, అందిందన్నారు కదా! మీరు మరేమీ చెప్పకపోయేసరికి భయం లేదనుకున్నాం. నాన్న ఈరోజు కూడా నడకకు వెళ్లొచ్చారు" అన్నాడు.

నా గుండె గుభేలుమంది. "కనబడలేదు" అంటే "లేదు" అని అర్థం కాదని ఎందరో హౌస్ సర్జన్లకు చెప్పినవాణ్ణి నేనే.

తమ్ముణ్ణి కదలకుండా ఇంట్లోనే ఉండమని చెప్పి, ఆ ఖాళీ గడుల సంగతి చూడసాగాను. హెచ్‌టీఎమ్‌ఎల్ పద్ధతిలో తయారైన ఉత్తరంలో బొమ్మ ఉండటానికి రెండు చోట్లున్నాయి. మొదటిది, పంపినవారి సర్వరు. అప్పుడు ఉత్తరంలో బొమ్మ ఉండదు, దాని చిరునామా మాత్రమే ఉంటుంది. బొమ్మను తెప్పించుకుంటే మనం ఉత్తరం తెరిచామన్న సంగతి అవతలివారికి తెలిసే వీలుంది కనుక, కొన్ని మెయిల్ ప్రోగ్రాములు మన అనుమతి లేనిదే తెప్పించవు. రెండవది, ఉత్తరం లోపలే. 1992లో రూపొందిన మైమ్ అనే ఏర్పాటు వల్ల అక్షరాలూ బొమ్మలూ వేర్వేరు భాగాలుగా ఒకే ఉత్తరంలో ప్రయాణిస్తాయి. బొమ్మకొక గుర్తు ఉంటుంది. అది ఎక్కడ కనబడాలో అక్కడ ఆ గుర్తు రాసి ఉంటుంది. ఫార్వర్డ్ చేసేటప్పుడు కొన్ని ప్రోగ్రాములు రాతను మాత్రమే తీసుకుని బొమ్మ భాగాన్ని వదిలేస్తాయి. అప్పుడు గుర్తు మిగులుతుంది, బొమ్మ ఉండదు.

పంపినవారు తెలిసినవారే కనుక "చిత్రాలను చూపించు" అన్నచోట నొక్కాను. పై గడిలో పరీక్షా కేంద్రం లోగో ప్రత్యక్షమైంది. కింది గడి ఖాళీగానే ఉంది. అంటే లోగో సర్వరులో ఉంది, ఈసీజీ ఉత్తరం లోపల ఉండి దారిలో జారిపోయింది. అబ్బాయి దగ్గరున్న అసలు ఉత్తరంలో ఈసీజీ చక్కగా కనబడుతోందన్నాడు. నిర్ధారణ అయింది. ఇక చికిత్స: ఆ ఉత్తరాన్ని మామూలుగా కాక, కంప్యూటరులో "అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్" చేయమన్నాను. ఆ పద్ధతిలో అసలు ఉత్తరం విప్పని కవరులాగా, అన్ని భాగాలతో వస్తుంది.

వచ్చింది. ఛాతీ ముందు భాగపు లీడ్లలో టి తరంగాలు తలకిందులై ఉన్నాయి. ఆ రాత్రే తమ్ముణ్ణి ఆసుపత్రిలో చేర్పించాం. యాంజియోగ్రామ్‌లో ఒక రక్తనాళం బాగా ఇరుకైనట్లు తేలింది, స్టెంటు వేశారు. ఇప్పుడు కులాసాగా ఉన్నాడు.

రిపోర్టులు పంపేవారికి నా మనవి: వీలైతే పీడీఎఫ్‌గా జతచేయండి. ఈసీజీని ఫోటో తీసి పంపితే చిన్న గడులు కూడా స్పష్టంగా కనబడాలి. సాధారణ వేగంలో ఒక్కో చిన్న గడి 0.04 సెకను. అవి లెక్కపెట్టలేకపోతే మేము సరిగా చదవలేము. పంపాక "అందిందా?" అని కాదు, "ఏం కనబడుతోంది?" అని అడగండి. చూసేవారు చూశాకే జవాబివ్వాలి. ఆ తప్పు నాదే.

అన్నిటికన్నా ముఖ్యం: ఛాతీలో నొప్పి, బిగుతు వస్తే ఏ మెయిల్ కోసమూ, ఏ బంధువైన డాక్టరు కోసమూ ఎదురుచూడకండి. 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లండి. ఒక్క ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండె బాగున్నట్లు కాదు. ఖాళీ గడి బాగున్నట్లు అసలే కాదు.